ఆర్డుయినో ఐడీఈలోని ఉదాహరణల మెనూ: వరుస భేష్, పేర్లతోనే పేచీ

ఆర్డుయినో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డుకు ప్రోగ్రాములు రాసి ఎక్కించే సాఫ్ట్‌వేరే ఆర్డుయినో ఐడీఈ. అందులో ఫైల్ మెనూ కింద ఉండే ‘ఎగ్జాంపుల్స్’ (నమూనా ప్రోగ్రాముల) విభాగాన్ని చాలామంది ఎల్‌ఈడీని మిణుకుమనిపించే బ్లింక్ ప్రోగ్రామ్ కోసం ఒకసారి తెరిచి ఆపైన పట్టించుకోరు గానీ, కొత్తగా నేర్చుకునేవారి దృష్టితో చూస్తే ఈ సాఫ్ట్‌వేర్ మొత్తంలో ఎంతో ఆలోచించి అమర్చిన భాగం అదేనని నా అభిప్రాయం. ఐడీఈతోపాటు వచ్చే ఉదాహరణలను 01.బేసిక్స్, 02.డిజిటల్, 03.అనలాగ్ అంటూ అంకెలు వేసిన ఫోల్డర్లలో సర్దారు. అంకెకు ముందు సున్నా ఉండబట్టే పదో ఫోల్డరు రెండోదానికన్నా ముందుకు ఎగబాకదు, పాఠాల వరుస చెడదు.

ప్రతి ఉదాహరణ దాని పేరే పెట్టిన ఫోల్డరులో ఉండాలన్నది ఇక్కడి కచ్చితమైన నియమం. ఎక్కడినుంచో తెచ్చుకున్న ఇనో ఫైలును (ఆర్డుయినో ప్రోగ్రామ్ ఉండే ఫైలును) నేరుగా తెరవబోతే, అదే పేరుతో ఫోల్డరు సృష్టించి ఫైలును అందులోకి మార్చమంటారా అని ఐడీఈ అడుగుతుంది. మొదట్లో ఇది చాదస్తంగా తోస్తుంది. అయితే చిన్న రాగం వాయించే టోన్‌మెలొడీ ఉదాహరణను తెరిచినప్పుడు, అదే ఫోల్డరులో ఉన్న, స్వరాల పౌనఃపున్యాలు రాసిన పిచెస్.హెచ్ ఫైలు కూడా పక్క ట్యాబ్‌లో తెరుచుకోవడం చూస్తే దీని ప్రయోజనం తెలుస్తుంది. ఇంకా మెచ్చదగినవి ఫైలు మొదట్లో చదివేవారి కోసం రాసిన వ్యాఖ్యలు (కామెంట్లు). బటన్ అనే ఉదాహరణలో, మీటను 5 వోల్టుల నుంచి 2వ పిన్‌కు కలపాలనీ, ఆ పిన్‌నుంచి గ్రౌండ్‌కు 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ వేయాలనీ కోడ్‌కన్నా ముందే రాసి ఉంటుంది కాబట్టి సర్క్యూట్ కోసం వేరే చోట వెతకనక్కరలేదు.

పేర్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈ శ్రద్ధ సడలింది. బ్లింక్‌వితవుట్‌డిలే, స్టేట్‌ఛేంజ్‌డిటెక్షన్ వంటి పేర్లు క్యాపిటల్ అక్షరంతో మొదలై చేసే పనిని స్పష్టంగా చెబుతుండగా, అదే డిజిటల్ ఫోల్డరులోని టోన్‌మెలొడీ చిన్న అక్షరంతో మొదలవుతుంది. ఇతర పరికరాలతో సమాచారం ఇచ్చిపుచ్చుకోవడానికి వాడే వైర్ లైబ్రరీ (సిద్ధంగా ఉన్న కోడ్ సంపుటి) ఉదాహరణలు కొన్ని అండర్‌స్కోర్లతో ఉంటాయి. ఇవి కంటికి ఇబ్బందే తప్ప పనికి అడ్డం కావు. అసలు చిక్కు ఒకేలాంటి పేర్లతోనే. బేసిక్స్‌లో ఫేడ్, అనలాగ్‌లో ఫేడింగ్ ఉన్నాయి. రెండూ ఎల్‌ఈడీ వెలుగును క్రమంగా పెంచి తగ్గించేవే కాబట్టి, తేడా ఏమిటో తెరిచి చదివితే తప్ప తెలియదు. ఎల్‌సీడీ తెరలను నడిపే లిక్విడ్‌క్రిస్టల్ లైబ్రరీలో మరో బ్లింక్ ఉంది, కానీ అది మిణుకుమనిపించేది ఎల్‌సీడీ తెరపైని కర్సర్‌ను.

ఆర్డుయినో అమ్మే స్టార్టర్ కిట్ (విడిభాగాలు, ప్రాజెక్టుల పుస్తకం ఉన్న పెట్టె) కోసం ఉన్న ఫోల్డరులోని పేర్లు పీ02తో మొదలవడం చూసి మొదటిది ఏమైందని కంగారుపడవద్దు. కిట్ పుస్తకంలోని మొదటి ప్రాజెక్టుకు కోడ్ అవసరమే లేదు. కిట్ కొననివారు ఈ ఫోల్డరును దాటేసి, బేసిక్స్ తరువాత నేరుగా డిజిటల్‌లోని డీబౌన్స్‌కు (మీటను ఒకసారి నొక్కితే పలుమార్లు నొక్కినట్టు లెక్కపడకుండా చూసే ఉదాహరణకు) వెళ్లడం మేలు.