జార్జి కాణీ: 1911దా, 1912దా?

కర్నూలు, కడప వైపు పాతిళ్ల అటకల మీద బయటపడే రాగి రంగు కాణీల్లో అయిదో జార్జివి తరచూ ఉంటాయి. పావు అణా, కంచు, 4.86 గ్రాములు, అడ్డం 25.4 మిల్లీమీటర్లు. కొలతలు 1911, 1912 కాణీలు రెండింటికీ ఒకటే, వెనక వైపూ అంతే. తేడా అంతా రాజు అంగీ మీదే.

అంగీ మీది హారంలో చిన్న ఏనుగు ఉంటుంది. 1911 అచ్చులో దాని తొండం మరీ పొట్టి, చూస్తే పందిలా ఉంది. ముస్లింలు అభ్యంతరం చెప్పారు. అదే బొమ్మ ఉన్న 1911 రూపాయలను చాలావరకు వెనక్కి తీసుకుని కరిగించారు. 1912 నుంచి తొండం స్పష్టంగా కిందికి సాగింది, ఏనుగు ఏనుగులా కుదిరింది.

పది రెట్ల భూతద్దం పట్టి, టార్చి వెలుగు పైనుంచి కాక పక్కనుంచి వేయండి. అప్పుడే తొండం నీడ తేలుతుంది. అంగీ అరిగిపోయి ఉంటే ఏనుగును నమ్మలేం, తేదీ ఒక్కటే దిక్కు. అక్కడే మోసమూ జరుగుతుంది: 1912లో చివరి 2ను గీకి 1 చేస్తారు. గీకినచోట లోహం పల్లంగా, చుట్టుపక్కల కన్నా మెరుస్తూ ఉంటుంది. 1911 అని ఉండి తొండం పొడవుగా కనిపిస్తే కొనకండి.

చింతపండుతో మాత్రం తోమొద్దు. ఆ పులుపుకి ఏళ్లతరబడి పట్టిన గోధుమ రంగు పొర పోతుంది, నాణెం గులాబీ రంగుకు తిరుగుతుంది, ధర పడిపోతుంది. ఎంచుకోవలసి వస్తే మెరిసే 1912 కన్నా, తొండం తెలిసేలా ఉన్న నల్లటి 1911 మేలు.