పాత ఎచ్‌ఎంటీ పైలట్: కొన్నేళ్ల వాడకం తర్వాత

నల్లగొండలో ఒక రిటైర్డ్ ఉద్యోగి దగ్గర కొన్న చావి వాచీ ఇది. నల్ల డయల్, తెల్ల అంకెలు, లోపల అరుగుదల తగ్గించే 17 జ్యువెల్స్ (చిన్న రాళ్లు), ఎచ్‌ఎంటీ పైలట్. కొన్నేళ్లుగా రోజూ నా చేతికే ఉంది. వాచీ ఎలా నడుస్తోందో చెబుతాను. దాన్ని కొన్న తీరు గురించి మాత్రం ఇంకాస్త ఎక్కువ చెప్పాలని ఉంది. చేతులు మారిన వాచీకి వారంటీ కార్డు ఉండదు, బిల్లు ఉండదు. అమ్మినాయన ఏం చెప్పారన్నదే ఉంటుంది.

మొదటిసారి ఫోన్ చేసి ధర అడిగాను. ఆయన ధర పక్కనపెట్టి లోపాలు చెప్పడం మొదలుపెట్టారు.

“తమ్మీ, గ్లాసు మీద గీతలున్నయి. చావి బుడిపె అసలుది కాదు, పాతది పోతే వేరేది ఏయించిన. రోజుకు నిమిషం దాక ముందుకు పోతది, ఆయిలింగ్ చేపియ్యక చాన ఏండ్లయింది. ఇవన్ని విన్నంక కూడ కావాల్ననుకుంటెనే రా.”

“ఎందుకు అమ్ముతున్నరు సారూ?” అని అడిగితే దానికీ సూటిగానే చెప్పారు. అత్తగారు పెండ్లికి పెట్టిన వాచీ వేరే ఉంది, దాన్ని ఎవరికీ ఇవ్వరు. ఇది తర్వాత జీతం పైసలతో కొన్నది. పిల్లలు ఫోన్లోనే టైం చూసుకుంటారు, బీరువాలో పడి ఆగిపోవడం కంటే ఎవరైనా పెట్టుకుంటే బాగుంటుందని. ఈ ప్రశ్న నేను అమ్మేవాళ్లందరినీ అడుగుతాను. నిజంగా తమ వాచీ అయినవాళ్లకు చెప్పడానికి ఒక కథ ఉంటుంది. కొన్నది ఎప్పుడో, ఎక్కడో, ఎవరు పెట్టుకున్నారో అడగకుండానే వస్తుంది. చౌకగా కొని తిప్పి అమ్మేవాళ్లు “ఫుల్ కండిషన్ బ్రదర్” దగ్గరే ఆగిపోతారు.

గడియారం సెంటర్ దగ్గర నాకు తెలిసిన వాచ్ మెకానిక్ బల్ల దగ్గర కలుద్దామా అన్నాను. ఆయన మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. ఇద్దరికీ పరిచయం ఉన్న మెకానిక్ అయితే మరీ మంచిది, లేకపోయినా పర్వాలేదు. మూడో మనిషి ముందు వాచీ వెనుక మూత తీయడానికి అమ్మేవాళ్లు సిద్ధంగా ఉన్నారా లేదా అన్నదే నేను చూసేది. మెకానిక్ కంటికి భూతద్దం పెట్టుకుని చాలాసేపు చూశాడు. స్క్రూల తలలు చెక్కుకుపోలేదు, అంటే చేతకానివాళ్లు లోపల వేలు పెట్టలేదు. చావి లోపలికి వెళ్లే చోట చెమటకు పట్టిన తుప్పు కొంచెం ఉంది. ఆ సంగతి సారుకూ తెలియదు. ఆయనే “అట్లయితే రెండు వందలు తగ్గించుకో” అన్నారు. నేను తగ్గించుకోలేదు. చెప్పిన 2,500 ఇచ్చాను. మూత తీసినందుకు మెకానిక్ అడిగిన డబ్బులు ఇద్దరం చెరి సగం పెట్టుకున్నాం.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఎచ్‌ఎంటీ పేరు మీద జరుగుతున్న మోసం చిన్నది కాదు. జపాన్‌కు చెందిన సిటిజన్ సహకారంతో 1961లో బెంగళూరులో ఎచ్‌ఎంటీ వాచీల తయారీ మొదలైంది. మన జిల్లాల్లో ఒక తరం పెండ్లిళ్లలో అల్లుడికి వాచీ, సైకిలు, రేడియో పెట్టడం మామూలు, ఆ వాచీ చాలాసార్లు ఎచ్‌ఎంటీయే. 2016 జనవరిలో ఎచ్‌ఎంటీ వాచెస్ మూసివేతకు కేంద్ర ప్రభుత్వం ఆమోదం తెలిపింది. ఆ తర్వాత పాతవాటికి గిరాకీ పెరిగింది. గిరాకీ పెరిగేసరికి పాత వాచీ లోపలి మిషన్ తీసుకుని, దానికి కొత్తగా అచ్చువేసిన డయల్ బిగించి, కేసు పాలిష్ పట్టించి ‘ఒరిజినల్ పైలట్’ అని అమ్మేవాళ్లు తయారయ్యారు. డయల్‌కు రంగు వేయించడం తప్పని నేను అనను. వేయించి చెప్పకపోవడమే మోసం.

రంగు వేసిన డయల్‌ను పట్టుకోవడం అంత కష్టం కాదు. అక్షరాల అంచులు లావుగా, కొంచెం పారినట్టు ఉంటాయి. నిమిషాల గీతలు అంకెల మధ్యకు సరిగ్గా రావు. చీకట్లో వెలిగే పూత పాతబడితే ముళ్ల మీదా డయల్ మీదా దాదాపు ఒకేలా రంగు మారుతుంది. ముళ్ల మీద పచ్చగా మెరుస్తూ డయల్ మీద గోధుమరంగుకు తిరిగిందంటే రెండింట్లో ఒకటి మార్చినట్టే. ఫొటో వెలుతురులో తీయమనండి, పక్క నుంచి కూడా. కేసు అంచులు సబ్బుబిళ్లలా అరిగిపోయి ఉంటే పాలిష్ ఎక్కువ పట్టించారన్నమాట.

ఇక వాడకం. కొన్న వెంటనే ఆయిలింగ్, సర్వీసింగ్ చేయించాను. అప్పటి నుంచి రోజుకు ఇరవై సెకన్ల దాకా ముందుకు వెళ్తోంది, ఆదివారం పొద్దున సరిచేసుకుంటాను. ఈ మిషన్ సెకనుకు ఐదుసార్లు కొట్టుకుంటుంది, గంటకు 18,000. చెవి దగ్గర పెట్టుకుంటే ఆ చప్పుడు వినసొంపుగా ఉంటుంది. రోజూ ఒకే వేళకు చావి ఇవ్వాలి, బిగుసుకున్నాక ఇంకా తిప్పకూడదు. వానలో పెట్టుకోను, దీన్ని నీళ్ల కోసం చేయలేదు. స్పీకర్ల పక్కన పెట్టను. అయస్కాంతం పట్టిందంటే లోపలి సన్నటి స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అతుక్కుని వాచీ నిమిషాలకు నిమిషాలు పరిగెడుతుంది. ఎండాకాలంలో మన దగ్గర తోలు పట్టీ చెమటకు నెలల్లోనే కుళ్లుతుంది, నేను నైలాన్ పట్టీకి మారాను. సారు చెప్పిన లోపాలు తప్ప కొత్తగా ఒక్కటీ బయటపడలేదు. నాకు ఈ వాచీలో అన్నింటికంటే నచ్చింది ఇదే.

కొనేవాళ్ల వైపు నుంచి కూడా నమ్మకం ఉండాలి, దాన్ని చాలామంది మరిచిపోతారు. మిర్యాలగూడలో మా బావమరిది తన వాచీ అమ్మకానికి పెడితే ఒకాయన బేరమాడకుండా ఒప్పుకుని క్యూఆర్ కోడ్ పంపాడు. స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బులు వస్తాయన్నాడు. మనకు డబ్బు రావాలంటే పిన్ కొట్టే పనే లేదు. పిన్ కొడితే పోయేది మన డబ్బే. మా వాడు తెలివిగా ఆగాడు. అలా డబ్బు పోయినవాళ్లు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ నంబరు 1930కి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. ఇంకో రకం మోసం, కొంటానని వచ్చినవాళ్లు మెకానిక్‌కు చూపిస్తామని వాచీ తీసుకెళ్లి, అసలు డయల్ ఊడదీసి, వేరేది బిగించి ‘నచ్చలేదు’ అని వెనక్కి ఇవ్వడం. అందుకే అమ్మేవాళ్లు కూడా మూత తీసి లోపలి ఫొటో తీసి పెట్టుకోవాలి.

నేను మహబూబ్‌నగర్ ఆయనకు ఒక ఎచ్‌ఎంటీ సోనా అమ్మినప్పుడు జడ్చర్ల బస్టాండులో కలిసి ఒక తెల్లకాగితం మీద రాసిచ్చాను. ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు, మూత మీది నంబరు, ధర, తేదీ, తెలిసిన లోపాలు. ఆయన మొహమాటపడ్డారు, “ఇదంత ఎందుకన్నా” అన్నారు. ఎందుకంటే దొంగ వాచీ కొన్నవాళ్లకు దాని మీద హక్కు రాదు. అమ్మేవాడికి లేని హక్కు కొనేవాడికి ఇవ్వలేడని 1930 నాటి వస్తు విక్రయ చట్టం చెబుతుంది. రేపు ఎవరైనా వచ్చి ఇది నాది అంటే ఆయన చేతిలో ఆ కాగితం ఉండాలి. కొన్నాళ్లకు ఆయన ఫోన్ చేశారు, వాచీ రాత్రిళ్లు ఆగిపోతోందట. నేను చెప్పిన లోపాల్లో అది లేదు. సర్వీసింగ్ ఖర్చులో సగం పంపాను. ఇప్పుడు ఆయన ఏ వాచీ కొనాలన్నా ముందు నాకు ఫొటో పంపుతారు.

పైలట్‌కు నా ఫిర్యాదులు రెండు. తేదీ చూపించదు, చీకట్లో వెలిగే పూత పూర్తిగా చచ్చిపోయింది. గ్లాసు ప్లాస్టిక్‌ది కాబట్టి గీతలు త్వరగా పడతాయి, టూత్‌పేస్టుతో రుద్దితే చాలావరకు పోతాయి. నిమిషం తేడా వస్తే టెన్షన్ పడేవాళ్లు బ్యాటరీ సెల్లుతో నడిచే వాచీ కొనుక్కోవడం మేలు. చావి ఇవ్వడం ఇష్టమైనవాళ్లు మాత్రం వాచీ ధరకు ఒక సర్వీసింగ్ ఖర్చు కలిపి లెక్క వేసుకుని, పగటిపూట మెకానిక్ బల్ల దగ్గర కొనండి.