నెట్‌వర్క్ ప్రింటర్‌తో సిస్టమ్ పడిపోతుంటే: షేరింగ్, డబ్ల్యూఎస్‌డీ, టీసీపీ/ఐపీలో ఏది మేలు?

మిర్యాలగూడ రైస్ మిల్లు ఆఫీసైనా, మహబూబ్‌నగర్‌లో జిరాక్స్ సెంటరైనా సాధారణంగా లేజర్ ప్రింటర్ ఒక్కటే, సిస్టమ్‌లు మూడు నాలుగు. దాన్ని ఎలా కలిపారన్నదాన్ని బట్టే, తేడా వచ్చినప్పుడు ఒక్క సిస్టమ్ ఆగుతుందా, ఆఫీసంతా ఆగుతుందా అన్నది తేలుతుంది.

ముందు పడిపోయింది ఏదో చూడండి. నీలి తెర (విండోస్ మొత్తం కూలినప్పుడు వచ్చే ఎర్రర్ స్క్రీన్) రాకుండా ప్రింటర్ల జాబితా ఖాళీ అయితే, పడింది విండోస్ కాదు, ప్రింట్ స్పూలర్, అంటే ప్రింట్ పనులను వరుసలో పెట్టి ప్రింటర్‌కు పంపే విండోస్ సర్వీస్. విండోస్‌లో ఎర్రర్లు నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్‌లోని అప్లికేషన్ లాగ్‌లో 'ఫాల్టింగ్ మాడ్యూల్' దగ్గర ఏ ఫైలు పేరుందో చూడండి. చాలాసార్లు అది ప్రింటర్ డ్రైవర్‌దే (విండోస్‌కూ ప్రింటర్‌కూ మధ్య మాట కలిపే సాఫ్ట్‌వేర్). నీలి తెర వస్తే లెక్క వేరు. 2021 మార్చి అప్‌డేట్ పడిన విండోస్ 10 సిస్టమ్‌లు కొన్ని బ్రాండ్ల ప్రింటర్లకు ప్రింట్ ఇవ్వగానే 'ఏపీసీ ఇండెక్స్ మిస్‌మ్యాచ్' అని కూలిపోయాయి. కేబుల్ మారిస్తే పోయే జబ్బు కాదది. మైక్రోసాఫ్ట్ విడిగా ఇచ్చిన అప్‌డేట్లతోనే కుదుటపడింది. అందుకే నీలి తెర మొదలైన తేదీని అప్‌డేట్ హిస్టరీతో పోల్చాలి.

షేరింగ్ అంటే ప్రింటర్‌ను యూఎస్‌బీతో ఒక సిస్టమ్‌కు కలిపి, మిగతావి దాని ద్వారా ప్రింట్ ఇవ్వడం. దీనికి ఖర్చు లేదు. కానీ యూఎస్‌బీ ఉన్న సిస్టమ్ ఆగితే అందరికీ ప్రింట్ ఆగినట్టే. డ్రైవర్ కూడా అక్కడి నుంచే వస్తుంది కాబట్టి దాని లోపం అన్ని సిస్టమ్‌లకూ పాకుతుంది.

డబ్ల్యూఎస్‌డీ (వెబ్ సర్వీసెస్ ఫర్ డివైజెస్) పోర్ట్‌లో ప్రింటర్‌ను విండోసే నెట్‌వర్క్‌లో వెతుక్కుంటుంది, పెట్టడం రెండు నిమిషాల పని. అయితే కరెంటు పోయొచ్చి రౌటర్ మళ్లీ మొదలయ్యాక ఆ వెతుకులాట తప్పిపోయి ప్రింటర్ 'ఆఫ్‌లైన్' అని కూర్చుంటుంది.

మా ఓటు టీసీపీ/ఐపీ పోర్ట్‌కే, అంటే ప్రింటర్‌ను దాని మారని నెట్‌వర్క్ అడ్రస్ (ఐపీ)తో నేరుగా కలపడానికే. రౌటర్‌లో ప్రింటర్ మ్యాక్ అడ్రస్‌కు (నెట్‌వర్క్‌లో దాని గుర్తింపు నంబరుకు) ఒక ఐపీని రిజర్వ్ చేయండి, ఉదాహరణకు 192.168.1.50. విండోస్‌లో ప్రింటర్‌ను మాన్యువల్‌గా కలిపి, ప్రోటోకాల్ 'రా' (Raw), పోర్ట్ 9100 పెట్టండి. పోర్ట్ సెట్టింగ్స్‌లో 'ఎస్ఎన్ఎంపీ స్టేటస్' (ప్రింటర్ స్థితిని విండోస్ అడిగి తెలుసుకునే పద్ధతి) టిక్ తీసేయండి; దానికి జవాబు రాకపోతే బాగున్న ప్రింటర్‌ను కూడా విండోస్ ఆఫ్‌లైన్ అంటుంది.

పోర్ట్ మార్చినంత మాత్రాన చెడ్డ డ్రైవర్ బాగుపడదు. ప్రింటర్‌ను తీసేసినా డ్రైవర్ లోపలే ఉంటుంది. ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్‌లో డ్రైవర్స్ ట్యాబ్‌కు వెళ్లి 'డ్రైవర్, డ్రైవర్ ప్యాకేజీ' రెండూ తీసేయాలి. 'వాడుకలో ఉంది' అంటే స్పూలర్‌ను రీస్టార్ట్ చేసి వెంటనే మళ్లీ ప్రయత్నించండి. ఆ తర్వాతే తయారీదారు సైట్ నుంచి కొత్తది వేయండి. విండోస్ ప్రో ఉంటే ప్రింట్ మేనేజ్‌మెంట్‌లో ఆ డ్రైవర్‌ను 'ఐసొలేటెడ్' చేయండి. అప్పుడు డ్రైవర్ వేరే ప్రాసెస్‌లో నడుస్తుంది, అది పడినా స్పూలర్ నిలబడే అవకాశం ఎక్కువ. హోమ్ ఎడిషన్‌లో ఈ సౌకర్యం లేదు.

బిల్లులు కొట్టే డాట్ మ్యాట్రిక్స్‌కు ల్యాన్ పోర్ట్ లేకపోతే మాత్రం షేరింగే దారి. ఆ సిస్టమ్‌కు స్లీప్ ఆపేసి, యూపీఎస్ తగిలించండి.