జీవ గడియారం మీద కెరీర్: ల్యాబ్ మేలా, వేరబుల్ కంపెనీ మేలా?

ఎమ్మెస్సీ న్యూరోసైన్సో బయోటెక్నాలజీయో చేసినవాళ్లకీ, ఈసీఈ చదివి సిగ్నల్ ప్రాసెసింగ్ నుంచి ఇటు వచ్చినవాళ్లకీ సర్కేడియన్ రంగంలో, అంటే శరీరంలోని రోజువారీ గడియారం మీద పనిచేసే రంగంలో, ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఇదే. పీహెచ్‌డీలో చేరి గడియారం ఎలా నడుస్తుందో తేల్చాలా? రింగులూ వాచీలూ చేసే కంపెనీలో చేరి సెన్సార్ల మీద పనిచేయాలా? జీతం ఒక్కటే చూస్తే చర్చే అక్కర్లేదు. మన దగ్గర పీహెచ్‌డీ ఫెలోషిప్ మొదట్లో (జేఆర్‌ఎఫ్) నెలకు 37,000 రూపాయలు, తర్వాత (ఎస్‌ఆర్‌ఎఫ్) 42,000, పైన ఇంటద్దె భత్యం. ఆ ఐదారేళ్లలో కంపెనీలో ఉన్నవాళ్లు ఎక్కడికి చేరతారో ఎవరి లెక్క వాళ్లు వేసుకోవచ్చు. తేడా అంతా పనిలో ఉంది.

ముందు ల్యాబ్ సంగతి. మెదడులో కంటి నరాలు కలిసే చోటికి కాస్త పైన శరీరపు ప్రధాన గడియారం, సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్ (ఎస్‌సీఎన్), ఉంటుంది, అందులో సుమారు 20,000 నాడీకణాలు. బతికున్న మనిషిలో వాటి టైము నేరుగా చదవలేం. అందుకని ఆ టైముకి నమ్మకమైన గుర్తుగా రాత్రి వేళని శరీరానికి తెలిపే హార్మోన్ మెలటోనిన్ సాయంత్రం ఎప్పుడు పెరగడం మొదలైందో కొలుస్తారు. దీన్ని డిమ్ లైట్ మెలటోనిన్ ఆన్‌సెట్, పొట్టిగా డీఎల్‌ఎంవో అంటారు. రాత్రి 11కి పడుకునే మనిషి సాయంత్రం 5కల్లా ల్యాబ్‌కి రావాలి. గదిలో వెలుతురు 10 లక్స్ దాటకూడదు. 6 నుంచి 12 వరకు అరగంటకోసారి ఉమ్మి తీస్తే 13 శాంపిళ్లు. ఇవ్వడానికి పది నిమిషాల ముందే నోరు మంచినీళ్లతో పుక్కిలించాలి. కాఫీ, చాక్లెట్, అరటిపండు కుదరవు. ఐబుప్రోఫెన్, బీటా బ్లాకర్లు వేసుకున్నారేమో ముందే అడగాలి, అవి మెలటోనిన్‌ని తగ్గిస్తాయి. ఇంత చేశాక ఆ మనిషి బాత్‌రూమ్‌లో ఫోన్ తెరిచి పది నిమిషాలు చూసుకుంటే ఆ రాత్రి పనంతా అనుమానంలో పడుతుంది.

లెక్క కట్టేది ఇలా: 8:30 శాంపిల్లో 2.1, 9:00 శాంపిల్లో 4.5 పికోగ్రాములు వచ్చాయనుకోండి, మిల్లీలీటరుకి. హద్దు 3 అనుకుంటే అది దాటింది సుమారు 8:41కి. దీనికి ఏడు గంటలు కలిపితే శరీర ఉష్ణోగ్రత కనిష్ఠానికి చేరే సమయం, అంటే తెల్లవారుజామున 3:40 ప్రాంతం, అందుతుంది. ఈ 3:40 చాలా ముఖ్యం. దానికి ముందు కంట్లో పడిన వెలుతురు గడియారాన్ని వెనక్కి జరుపుతుంది, తర్వాత పడింది ముందుకు జరుపుతుంది. టైము రెండు గంటలు తప్పుగా అంచనా వేస్తే ఆ హద్దుకి దగ్గర్లో ఇచ్చిన సలహా బలహీనపడటం కాదు, తలకిందులే అవుతుంది. కొందరిలో మెలటోనిన్ అసలు 3 కూడా దాటదు. వాళ్లకి వాళ్ల సొంత మొదటి శాంపిళ్ల సగటు, దాని మీద రెండు ప్రామాణిక విచలనాలు (స్టాండర్డ్ డీవియేషన్లు) కలిపి హద్దు పెట్టుకుంటారు. ఇలాంటి చిన్న నిర్ణయాలు తీసుకోవడం ల్యాబ్‌లోనే చేతికి వస్తుంది.

ఇక్కడొక చిక్కుంది. మన దేశంలో ఈ రంగంలో పేరున్న ల్యాబులు ఎక్కువగా ఈగలు, ఎలుకల మీద పనిచేస్తాయి. బెంగళూరులోని జేఎన్‌సీఏఎస్‌ఆర్ పరిశోధన సంస్థలో డ్రోసోఫిలా అనే పండ్ల ఈగలు, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎలుకల ఎస్‌సీఎన్ మీద పని జరిగింది. మనుషుల నిద్ర కావాలంటే నిమ్హాన్స్ లాంటి చోట్లు చూడాలి. అలాగని ఈగల ల్యాబ్‌ని తీసిపారేయొద్దు. ఒక్కో గాజు గొట్టంలో ఒక్కో ఈగ, మధ్యలో ఇన్‌ఫ్రారెడ్ కిరణం, ఎన్నిసార్లు దాటిందో లెక్క: రోజురోజు కదలికని గీసే ఆ ఆక్టోగ్రామూ, అందులోని లయ ఎన్ని గంటలదో తేల్చే ఆ పీరియడోగ్రామూ మనిషి మణికట్టు డేటాకి దాదాపు అలాగే పనికొస్తాయి. 2017 నోబెల్ తెచ్చిన పీరియడ్ జన్యువు పనీ ఈగల్లోంచే వచ్చింది కదా.

ఇక కంపెనీ. వాచీలో కదలికని కొలిచే యాక్సిలరోమీటర్, నాడికి పచ్చ ఎల్‌ఈడీ, చాలావాటిలో చర్మం ఉష్ణోగ్రతకి సెన్సార్. ల్యాబ్‌లో ముప్పై మంది డేటా దొరికితే గొప్ప, ఇక్కడ లక్షల రాత్రులు. వారాంతపు మెలకువ, ప్రయాణాలు, జ్వరాలు, పసిపిల్లల తల్లుల నిద్ర, ఏ ల్యాబూ పట్టుకోలేనివి ఇక్కడ కనిపిస్తాయి. కానీ ఇవన్నీ గడియారం కాదు. దుప్పటి కప్పుకుంటే మణికట్టు వేడెక్కుతుంది, ఆలస్యంగా బిర్యానీ తింటే గుండె వేగం పెరుగుతుంది, ఏసీ తగ్గిస్తే ఇంకోలా మారుతుంది. దీన్నే మాస్కింగ్ అంటారు. గోడ మీది గడియారం చూడకుండా ఇంట్లోవాళ్ల హడావిడి చూసి టైము చెప్పినట్టు ఉంటుంది వ్యవహారం. చాలా రోజులు బాగానే కుదురుతుంది, ఇంట్లో పెళ్లి ఉన్న రోజున మాత్రం తప్పుతుంది.

ఆ తప్పే రోజు షిఫ్టు ఉద్యోగులకి ప్రతి వారం వస్తుంది. విశాఖ ఉక్కు కర్మాగారంలో నైట్ షిఫ్టు ముగించుకుని పొద్దున ఇంటికొచ్చి 9కి పడుకున్న మనిషి నిద్రని చాలా అల్గారిథమ్‌లు కునుకుగా లెక్కేస్తాయి, ఎందుకంటే వాటిని తయారుచేసిన డేటాలో ఎక్కువమంది రాత్రి పడుకునేవాళ్లే. ఇంటికొచ్చే దారిలో నల్ల కళ్లద్దాలు పెట్టుకోమనాలా వద్దా అన్నది ఆయన ఉష్ణోగ్రత కనిష్ఠం ఇంకా 4 దగ్గరే ఉందా, 9కి జరిగిందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. గచ్చిబౌలిలో అమెరికా క్లయింట్లకి పనిచేసే ఐటీ ఉద్యోగిదీ ఇదే కథ. నిద్ర వేళ చూసి గడియారం టైము ఊహించే యాప్ సరిగ్గా ఇక్కడే బోల్తా కొడుతుంది.

కంపెనీ పనిలో చికాకులు వేరు. అధ్యయనం మధ్యలో ఫర్మ్‌వేర్, అంటే పరికరం లోపలి సాఫ్ట్‌వేర్, మారితే ముందు వారానికీ తర్వాత వారానికీ పోలిక పోతుంది. సర్వర్ యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, రాస్తుంది, మన టైము దానికి ఐదున్నర గంటలు ముందు. గంటల్లోకి గుండ్రం చేసే కోడ్ ఎక్కడో ఆ అరగంటని మింగేస్తుంది. గడియారం టైము (ఫేజ్) లెక్కల్లో అరగంట అంటే చిన్నది కాదు. కదలకుండా పుస్తకం చదివేవాళ్లు నిద్రపోయినట్టు పడతారు. నిద్రని గుర్తించడంలో ఈ పరికరాలు బాగానే ఉంటాయి, పడుకుని కూడా మేలుకుని ఉండటాన్ని పట్టుకోవడంలోనే బలహీనం. నిద్రలేమి ఉన్నవాళ్లకి కావాల్సింది ఆ రెండోదే.

రెండిటినీ కలిపి నడిచినవాళ్లలో ఒలీవియా వాల్ష్ దారి చూడదగ్గది. మిషిగన్‌లో డేనియల్ ఫోర్జర్ దగ్గర గణితంలో పీహెచ్‌డీ, 2014లో జెట్‌లాగ్ సర్దుబాటుకి ఎంట్రైన్ అనే యాప్, 2019లో 31 మంది ఆపిల్ వాచ్ ముడి డేటాని ఆసుపత్రి తరహా పాలీసోమ్నోగ్రఫీతో (తలకి తీగలు పెట్టి మెదడు తరంగాలతో సహా నిద్రని కొలిచే పరీక్ష) పోల్చిన పేపర్, తర్వాత ఆర్కాస్కోప్ కంపెనీ. ఆ డేటాని ఫిజియోనెట్ అనే వెబ్‌సైట్ నుంచి ఎవరైనా దించుకోవచ్చు. పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టే ముందే దాన్ని దించి, 30 సెకన్ల ముక్కలుగా కోసి, నిద్ర, మెలకువ వేరుచేసే మోడల్ ఒకటి కట్టి చూడండి. పని మీకు పడుతుందో లేదో నెలలో తెలుస్తుంది. ముడి డేటా బరువు ఎంతో కూడా తెలుస్తుంది: సెకనుకి 100 సార్లు, మూడు అక్షాల మీద, వారం పాటు అంటే ఒక్క మనిషికి 18 కోట్ల అంకెలు. బ్రిటన్‌లోని భారీ ఆరోగ్య అధ్యయనం యూకే బయోబ్యాంక్‌లో అలా సుమారు లక్ష మంది వారం రోజులు మణికట్టుకి కట్టుకున్నారు. ఇలాంటి డేటాని విశ్లేషించే ప్యాకేజీలు, ఆర్ భాష వచ్చినవాళ్లకి జీజీఐఆర్, పైథాన్ వచ్చినవాళ్లకి పైయాక్టిగ్రఫీ, ఉచితంగానే దొరుకుతాయి.

నా తీర్పు ఇది. బయాలజీ నుంచి వచ్చినవాళ్లకి ముందు ల్యాబే మేలు. డీఎల్‌ఎంవో స్వయంగా చేయని మనిషి కంపెనీలో ‘స్లీప్ సైంటిస్ట్’ అయితే, చివరికి మార్కెటింగ్ వాళ్ల వాక్యాలు సరిదిద్దే పనిలో తేలతాడు. ఈసీఈ, కంప్యూటర్స్ వాళ్లకి మాత్రం ముందు రెండేళ్లు కంపెనీ నష్టం కాదు, సెన్సార్ ఎలా అబద్ధమాడుతుందో అక్కడే బాగా తెలుస్తుంది. కాకపోతే ప్రాసెస్ చేసిన ‘స్లీప్ స్కోర్’ మీద కాకుండా ముడి డేటా మీద కూర్చోబెట్టే కంపెనీ అయి ఉండాలి.

అందుకే ఇంటర్వ్యూలో జీతం సంగతి తర్వాత ఈ నాలుగు అడగండి. ముడి యాక్సిలరోమీటర్ డేటా నాకు అందుతుందా? అల్గారిథమ్‌ని మెలటోనిన్‌తోనో, కనీసం పాలీసోమ్నోగ్రఫీతోనో పోల్చి చూశారా, షిఫ్టు ఉద్యోగులు అందులో ఉన్నారా? ఫలితం కంపెనీకి నచ్చకపోయినా పేపర్ వేయనిస్తారా? ఇది వెల్‌నెస్ పరికరమా, వైద్య పరికరంగా అనుమతికి వెళ్తుందా? వైద్య పరికరమైతే పని నెమ్మదిగా సాగుతుంది, కాగితాలు ఎక్కువ, కానీ పరీక్షించి చూపాల్సిన బాధ్యత చట్టమే పెడుతుంది. పీహెచ్‌డీ గైడ్‌ని మాత్రం ఒకటే అడిగితే చాలు: మీ దగ్గర మనుషుల మీద పనికి ఎథిక్స్ కమిటీ అనుమతి ఇప్పుడు చేతిలో ఉందా, నేను చేరాక మొదలుపెట్టాలా? రెండోదైతే మొదటి ఏడాదిలో పెద్ద ముక్క దానికే పోతుందనుకుని చేరండి.