240 రూపాయల బిట్ బ్యాంక్: లెక్కలకు సరే, సోషల్‌కు చాలదు

ఎనిమిదో తరగతికి అన్ని సబ్జెక్టులూ కలిపి వేసిన బిట్ బ్యాంక్ ఒకటి ఈ ఏడాది నల్గొండ క్లాక్ టవర్ దగ్గరి పుస్తకాల షాపులో తీసుకున్నాను. ధర 240 రూపాయలు. ప్రతి పాఠానికీ బిట్లు (నాలుగు ఆప్షన్లలో ఒకటి ఎంచుకునే ప్రశ్నలు), చివర జవాబులు, చింపి వాడుకోవడానికి ఓఎంఆర్ షీట్లు (జవాబును గుండ్రాల్లో దిద్దే కాగితాలు) ఉన్నాయి. నేను దేవరకొండ వైపు జిల్లా పరిషత్ హైస్కూల్లో సైన్స్ చెబుతాను. లెక్కల సార్ సెలవు పెడితే ఆ పీరియడ్ కూడా నాకే పడుతుంది. కొందామా వద్దా అని అడుగుతున్న తోటి టీచర్ల కోసం ఇది రాస్తున్నాను.

నేను బిట్ బ్యాంక్‌లో ముందు చూసేది తప్పు ఆప్షన్లనే. నాలుగింట్లో గుడ్డిగా ఒకటి పెట్టినా 20 బిట్లకు సగటున 5 మార్కులు వచ్చేస్తాయి. కాబట్టి వచ్చిన మార్కు చూసి పిల్లవాడికి ఎంత తెలుసో చెప్పలేం. ఏ తప్పు పెట్టాడో చూస్తే మాత్రం ఎక్కడ ఆగిపోయాడో తెలుస్తుంది. ఆ తప్పులు పిల్లలు నిజంగా చేసేవి అయితేనే ఇది కుదురుతుంది.

లెక్కల భాగం రాసినవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. 0.4, 0.35, 0.125, 0.09లో పెద్దది ఏది అని ఒక బిట్ ఉంది. మా క్లాసులో పలకల మీద జవాబు రాయించి, మూడు లెక్కపెట్టగానే అందరినీ ఒకేసారి ఎత్తమంటాను. పక్కవాడిని చూసి దిద్దుకునే వీలుండదు. సగం పలకల మీద 0.125 కనపడింది. ఎందుకని అడిగితే వెనక బెంచీ అమ్మాయి లేచి, "మూడంకెలున్నయ్ గద టీచర్, అదే పెద్దది" అంది. ఇద్దరు ముగ్గురు 0.09 పెట్టారు. వాళ్లకు తొమ్మిది కనపడింది కానీ దాని ముందున్న సున్నా కనపడలేదు. ఈ రెండూ వేరు వేరు తప్పులు, రెండింటికీ వేరు వేరుగా చెప్పాలి. ఖాళీని పూరించే ప్రశ్న ఇచ్చి పేపర్లు దిద్దుకుంటూ కూర్చుంటే ఇదంతా మరుసటి రోజుకు గానీ తెలిసేది కాదు. ఇక్కడ ఒక్క నిమిషంలో తెలిసిపోయింది.

సైన్స్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన బిట్ ఇది: చెట్టు మొద్దులోని కలప ఎక్కువ భాగం దేని నుంచి తయారవుతుంది? మట్టి, ఎరువు, గాలి, ఎండ. బత్తాయి తోటలున్న ఇళ్ల పిల్లలు గట్టిగా ఎరువు అన్నారు. "ఎరువెయ్యకపోతే చెట్టు పెరగదు టీచర్, మా నాయిన చెప్తడు" అన్నాడొకడు. వాళ్ల నాన్న చెప్పింది అబద్ధమేం కాదు, ఎరువు కావాల్సిందే. కానీ కలపలోని కర్బనమంతా గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నుంచే వస్తుంది. పాఠం బాగా చదివే పిల్లలు ఎండ అన్నారు. కిరణజన్య సంయోగక్రియ అనే మాట నోటికి వచ్చు, కానీ ఎండ శక్తిని ఇస్తుంది తప్ప పదార్థాన్ని ఇవ్వదు అన్నది మనసుకు ఎక్కలేదు. ఒక్క బిట్‌తో ఆ రోజు పీరియడ్ అంతా నడిచింది.

ఇక సోషల్. ఇక్కడే నాకు బాధ వేసింది. నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగిన ఏడు ఏది అని అడిగి 1953, 1955, 1956, 1967 ఇచ్చారు. జవాబు 1955. పిల్లవాడు 1956 పెడితే నేను ఏం నేర్పాలి? అదే, నది పారే వైపు ముఖం పెట్టి నిలబడితే మన మిర్యాలగూడ పొలాలకు నీళ్లిచ్చే కాలువ ఏ చేతి వైపు ఉంటుంది అని అడిగితే మ్యాపు తెరవాల్సి వచ్చేది. ఎడమ కాలువ, కుడి కాలువ అని రోజూ వింటూ, అవి ఎవరి ఎడమ, ఎవరి కుడి అని ఆలోచించని పిల్లలు చాలామంది ఉన్నారు.

ఇంకో చోట ఫ్లోరోసిస్ దేని వల్ల వస్తుంది అని ఉంది. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లూ ఎముకలూ పాడయ్యే జబ్బు అది. మర్రిగూడ, నాంపల్లి మండలాల్లో చుట్టాలున్న పిల్లలకు ఆ మాట నడక నేర్చినప్పటి నుంచీ తెలుసు. నేను దాన్ని కొట్టేసి బోర్డు మీద వేరేది రాశాను. నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గాలంటే మరిగించాలా, బట్టతో వడకట్టాలా, బ్లీచింగ్ ఒక్కటే కలపాలా, పటికా సున్నం కూడా కలపాలా? ఎక్కువమంది మరిగించాలి అన్నారు. మరిగిస్తే ఆవిరయ్యేది నీళ్లే, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉండిపోతుంది, పైగా ఉన్న నీళ్లలో దాని పాళ్లు పెరుగుతాయి. నాగ్‌పూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పటిక, సున్నం, బ్లీచింగ్‌తో రూపొందించిన పద్ధతికి దేశమంతటా నల్గొండ టెక్నిక్ అనే పేరు. మన జిల్లా పిల్లల చేతుల్లోకి వచ్చే పుస్తకంలో దాని మీద ఒక్క బిట్ కూడా లేదు.

తెలుగు భాగం పరవాలేదు. మహోన్నతం ఏ సంధి అని అడిగి ఊరుకోకుండా, విడదీస్తే ఎలా ఉంటుందని కూడా అడిగారు. మహా+ఉన్నతం పక్కన మహ+ఉన్నతం, మహో+న్నతం లాంటి తప్పు ఆప్షన్లు ఇచ్చారు. మా తెలుగు సార్‌కు అది నచ్చింది. ఇంగ్లిష్‌లో ఉన్నవి గ్రామర్ బిట్లు మాత్రమే. పిల్ల నాలుగు వాక్యాలు సొంతంగా రాయగలదా లేదా అన్నది బిట్లతో తేలదు, దానికి నోటుబుక్కు తెరవాల్సిందే.

జవాబుల తీరులో ఒక లోపం ఉంది. "పైవన్నీ" అని ఇచ్చిన చోటల్లా దాదాపు అదే జవాబు. అన్నిటికంటే పొడుగ్గా ఉన్న ఆప్షన్ కూడా తరచుగా సరైనదే అవుతుంది. మా పిల్లలు దీన్ని తొందరగానే పసిగట్టారు, పాఠం చదవకుండానే పెట్టేస్తున్నారు. ఇప్పుడు "పైవన్నీ" తీసేసి నేనే ఇంకో ఆప్షన్ చెబుతున్నాను. ఓఎంఆర్ షీట్ల కాగితం మరీ పలుచన, బాల్ పెన్‌తో దిద్దితే వెనక్కి దిగుతుంది.

ఎన్ఎంఎంఎస్ (ఎనిమిదో తరగతిలో రాసే కేంద్ర స్కాలర్‌షిప్ పరీక్ష) రాసే పిల్లలున్న బడికి మాత్రం తీసుకోమనే చెబుతాను. ఆలోచనా శక్తిని చూసే మ్యాట్‌లో 90, పాఠాల మీద అడిగే సాట్‌లో 90 ప్రశ్నలు, ఒక్కో పేపరుకు గంటన్నర. గట్టెక్కితే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. కూలి పనికి పోయే ఇంట్లో ఆ డబ్బుతో ఆడపిల్ల చదువు ఆగకుండా ఉంటుంది. ఆ పరీక్షకు కావాల్సిన వేగం ఈ పుస్తకంతో అలవడుతుంది. కొనేటప్పుడు తెలుగు, ఇంగ్లిష్ పక్కపక్కన ఉన్న పుస్తకమే అడిగి తీసుకోండి, ఒట్టి ఇంగ్లిష్‌ది కూడా అదే అట్టతో వస్తోంది. జవాబుల పేజీలు ముందే కత్తిరించి మీ బీరువాలో పెట్టుకోండి.