పెన్నా లోయకు పనికొచ్చే జేబు కెమెరా: కెనాన్ పవర్‌షాట్ ఎస్‌ఎక్స్740 హెచ్‌ఎస్

ఫోన్ చేతిలో ఉండగా విడిగా చిన్న కెమెరా ఎందుకని అడిగేవాళ్లకు గండికోట అంచున జవాబు దొరుకుతుంది. అవతలి గట్టున ఒకదానిమీద ఒకటి పేర్చినట్టున్న ఎర్రబండలు, వాటి సందుల్లో మొలిచిన చెట్లు కంటికి బాగానే కనిపిస్తాయి. ఫోన్‌లో జూమ్ పెంచేసరికి అలికేసినట్టవుతాయి. 2018లో వచ్చిన ఈ కెమెరా అలాంటి చోటికే. 40 రెట్ల జూమ్, అంటే 35 మి.మీ. ఫిల్మ్ కెమెరా లెక్కలో 24 నుంచి 960 మి.మీ. దాకా (ఈ అంకె పెరిగేకొద్దీ దూరపువి దగ్గరవుతాయి). బ్యాటరీ, కార్డుతో కలిపి 299 గ్రాములు. జూమ్ చివరికంటా లాగితే 100 మీటర్ల దూరంలో 3.75 మీటర్ల వెడల్పు జాగా ఫ్రేమ్ నిండా వస్తుంది. లెన్సులు మార్చుకునే మిర్రర్‌లెస్ కెమెరాలో అంత దూరం లాగాలంటే లెన్స్ ఖర్చే మోయలేం.

అయితే 20 మెగాపిక్సెళ్లని చూసి మురిసిపోకండి. వెలుగును ఫోటోగా మార్చే సెన్సర్ 1/2.3 అంగుళాల రకం, చాలా చిన్నది. దాని మీద ఒక్కో పిక్సెల్ సుమారు 1.2 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు). జూమ్ చివర అపెర్చర్, అంటే లెన్స్‌లో వెలుగు దూరే కంత, ఎఫ్/6.9కి తగ్గుతుంది (ఎఫ్ అంకె పెరిగితే కంత సన్నబడినట్టు). అంత సన్నని కంతలోంచి వచ్చే వెలుగు చుక్క డిఫ్రాక్షన్ (కంత దాటేటప్పుడు వెలుగు చెదరడం) వల్ల దాదాపు 9 మైక్రాన్ల మేర, అంటే ఏడెనిమిది పిక్సెళ్ల మీద పరుచుకుంటుంది. ఇది లెన్స్ లోపం కాదు, వెలుగు స్వభావమే అంత. 960 మి.మీ. దగ్గర తీసిన ఫోటో ఫోన్ తెర మీద, చిన్న ప్రింటులో బాగుంటుంది. కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే మెత్తబడిపోతుంది. సెన్సర్ పట్టినదంతా మార్చకుండా దాచే రా ఫైల్ లేదు, కుదించిన జేపెగ్ మాత్రమే. తర్వాత సర్దుకుందామంటే పెద్దగా కుదరదు.

కడప ఎండల్లో ఇంకో చిక్కు. పదయ్యాక బండ వేడెక్కి లోయ మీద గాలి తెరలు తెరలుగా కదులుతుంది. అప్పుడు ఎంత స్థిరంగా పట్టుకున్నా దూరపు అంచులు వంకర్లు పోతాయి, స్టాండు వేసినా అంతే. పొద్దు పొడిచిన రెండు గంటల్లోపే దూరం షాట్లన్నీ ముగించండి. మిట్టమధ్యాహ్నం మాధవరాయస్వామి గోపురం మీది బొమ్మలకు కేటాయించండి. దగ్గర్నుంచి 200, 300 మి.మీ. సరిపోతుంది, ఆ గాలి గొడవా అంతగా ఉండదు.

జూమ్ చివర, షట్టర్ వేగం మనమే ఎంచుకునే టీవీ (Tv) మోడ్‌లో, షట్టర్ సెకనులో 1/250 వంతు కన్నా నెమ్మదించనివ్వకండి. పిట్టలకైతే 1/500 పైన. మంచి ఎండలో ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ స్పందించే స్థాయి) 100తోనే ఆ వేగం అందుతుంది. సాయంత్రం 800 దాకా పోవచ్చు. గరిష్ఠం 3200 గానీ అక్కడ రంగులు నీరుగారతాయి. కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ లేదు. ఎండలో తెర కనబడదు, చేతులు చాచి పట్టుకోవాల్సి వస్తుంది కాబట్టి వణుకూ ఎక్కువే. మోచేతులు డొక్కలకు ఆనించి, వీలైతే కోటగోడకు ఆనుకుని తీయండి. ఎగిరే పిట్ట ఫ్రేమ్‌లోంచి తప్పిపోతే ఫ్రేమింగ్ అసిస్ట్ బటన్ నొక్కి పట్టుకోండి. జూమ్ వెనక్కి వస్తుంది, పిట్టను మళ్లీ మధ్యలోకి తెచ్చి వదిలేస్తే తిరిగి ముందుకు పోతుంది. చాలా అక్కరకొచ్చే ఏర్పాటు. వ్యూఫైండర్ లేనిదే కుదరదనేవాళ్లు సోనీ హెచ్‌ఎక్స్99 చూడండి. రా కూడా ఇస్తుంది, కాకపోతే జూమ్ 720 మి.మీ. దగ్గరే ఆగిపోతుంది.

లేపాక్షి నాట్యమండపం కప్పు చిత్రాలకు ఈ కెమెరా తెర బాగా పనికొస్తుంది. 180 డిగ్రీలు పైకి తిరుగుతుంది కదా, కెమెరాను వెల్లకిలా నేల మీద పెట్టినా ఏం పడుతోందో కనిపిస్తుంది. 24 మి.మీ.లో, ఫ్లాష్ ఆపేసి, 2 సెకన్ల టైమర్ పెట్టి పక్కకు జరగండి. కదలదు కాబట్టి ఐఎస్ఓ 100, షట్టర్ అర సెకను అయినా పర్వాలేదు. బెలుం గుహల్లో మాత్రం చేత్తో పట్టుకుని తీయాలంటే కొత్త ఫోన్ నైట్ మోడే మేలు. ఏసీ కారులోంచి దిగి నేరుగా గుహలోకి తీసుకెళితే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. ముందే పది, పదిహేను నిమిషాలు సంచిలోనే బయటి వేడికి అలవాటు పడనివ్వండి.

ఇక దుమ్ము. నాపరాయి గనుల దారుల్లో ఎగిరే పొడి ఈ తరహా కెమెరాలకు గండం. లెన్స్ గొట్టాలు ఒకదాంట్లోంచి ఒకటి బయటికొచ్చి లోపలికి పోతుంటాయి, వాటి సందులో రవ్వంత ఇసుక చేరినా ఒరుసుకుని లెన్స్ ఎర్రర్ చూపి ఆగిపోతుంది. దీనికి వెదర్ సీలింగ్, అంటే దుమ్ము, తడి చేరకుండా మూసే ఏర్పాటు, లేదు. ఆఫ్ చేసేముందు, గొట్టం బయట ఉండగానే, కెమెరాను కిందికి వంచి రబ్బరు బ్లోయర్‌తో చుట్టూ ఊదండి. నోటితో ఊదితే తడి చేరి దుమ్ము అంటుకుపోతుంది.

ఎన్‌బీ-13ఎల్ బ్యాటరీ కంపెనీ లెక్కలో 265 ఫోటోలకు వస్తుంది, 4కె వీడియో తీస్తే ఇంకా ముందే ఆగుతుంది. ఇంకొకటి తప్పకుండా వెంట ఉంచుకోండి. 4కె వీడియో కోసం మెమరీ కార్డు మీద యూ3 (U3, రాసే వేగానికి గుర్తు) చూసి కొనండి.

సెకండ్ హ్యాండ్‌లో తీసుకునేవాళ్లు కొట్లోనే జూమ్‌ను చివరికంటా నాలుగైదుసార్లు లాగి వెనక్కి తేవాలి. కరకరమన్నా, మధ్యలో తడబడినా వదిలేయండి. తర్వాత ఎఫ్/8 పెట్టి, జూమ్ చివర తెల్లగోడను ఫోటో తీసి చూడండి. బూడిదరంగు చుక్కలు కనిపిస్తే దుమ్ము సెన్సర్ దాకా చేరినట్టే. లెన్స్ విప్పేది కాదు కాబట్టి దాన్ని ఇంట్లో తుడుచుకోవడం కుదరదు.