పువ్వుల అట్ట, పగిలిన కిటికీ అట్ట: మనిషి ఒక్కడే

ఈ నవలలతో నాకున్న పేచీ అంతా వాటిలోని మగవాడితోనే. అద్దె పుస్తకాల కొట్టు రోజుల నుంచి ఫోనులో చదివే ఈ రోజుల దాకా ప్రేమ నవలలూ సస్పెన్స్ నవలలూ మార్చి మార్చి చదువుతూ వస్తున్నాను. ఒక రకమే చదివేవారికి ఇది పట్టకపోవచ్చు. రెండూ వెంట వెంటనే చదివితే మాత్రం దాగదు. పొడగరి, డబ్బున్నవాడు, మితభాషి, ఎవరూ ఎత్తకూడని గతం ఒకటి ఉన్నవాడు. రెండు చోట్లా అతనే. ప్రేమ నవలలో నాయికను అడక్కుండానే ఆమె చిరునామా సంపాదించి, వానలో తడుస్తూ వచ్చి గుమ్మంలో నిలబడితే మనం మురిసిపోవాలి. సస్పెన్స్ నవలలోనూ అదే వాన, అదే గుమ్మం. అక్కడ మాత్రం "తలుపు తీయకమ్మా" అని మనమే గొణుక్కుంటాం. అట్ట మీద పువ్వులున్నాయా, పగిలిన కిటికీ ఉందా అన్నదాన్ని బట్టి అతను కథానాయకుడో నిందితుడో అవుతాడు.

ముందే ఒక హెచ్చరిక. కొన్ని కథల గుట్టు విప్పక తప్పదు.

రెండూ కలిపి రొమాంటిక్ సస్పెన్స్ పేరుతో అమ్మే నవలలు ఇంకో తలనొప్పి. ప్రేమ నవలకు సుఖాంతం కాగితం మీద లేని ఒప్పందం. ఆఖరికి వాళ్లిద్దరూ కలిసి తీరాలి. కాబట్టి తడిసిన చొక్కాతో మూడో పేజీలో ప్రవేశించిన పెద్దమనిషి ఎన్ని అబద్ధాలాడినా హంతకుడు కాలేడు. మిగిలినవారిలో నాయికతో మొదటి నుంచీ మర్యాదగా మాట్లాడుతున్నది ఎవరో చూసుకుంటే చాలు, వాడే దొంగ. పైగా ఫోనులో ఎంత శాతం చదివామో అడుగున కనబడుతూనే ఉంటుంది. 60 దగ్గర ఒకణ్ని అరెస్టు చేశారంటే వాడు కాదని ఎవరికైనా తెలిసిపోతుంది.

ఇంతవరకూ సరదాగానే భరించాను. ఇటీవల చదివిన ఒక నవల దగ్గర మాత్రం ఓపిక పోయింది. పేరు చెప్పను, ఎందుకంటే అలాంటి పని చేసింది అదొక్కటే అయి ఉండదు. నాయిక ఊరు మారి కొత్త ఉద్యోగంలో చేరుతుంది. ఎవరో వెంటాడుతున్నారు. ఆమె లేనప్పుడు ఇంట్లోకి వచ్చిపోతున్నారు. ఏమీ పోదు, ఏమీ పగలదు. స్నానాల గదిలో ఆమె అడ్డంగా మడిచి వేసుకున్న తువ్వాలు సాయంత్రానికి నిలువుగా మడిచి ఉంటుంది, అంతే. ఆ మడత దగ్గర నిజంగానే నా వీపు మీద చలి పాకింది. రచయిత్రి చేయి తిరిగిన మనిషే, సందేహం లేదు. అప్పుడు భద్రతా సంస్థ నడిపే కథానాయకుడు రంగంలోకి దిగుతాడు. అతని భుజాల గురించి అరపేజీ. తర్వాత తేలేదేమిటంటే, వెంటాడినవాడు ఆమె ఎప్పుడు ఎక్కడుందో చెప్పే యాప్ ఒకటి ఆమె ఫోనులో రహస్యంగా పెట్టాడు. కథానాయకుడూ పెట్టాడు! అదే ఫోనులో, అదే పని చేసే యాప్, ఆమెకు చెప్పకుండానే. ఆమెను పాత గోదాములో బంధించినప్పుడు మనవాడి యాప్ దారి చూపుతుంది, అతను తలుపు బద్దలు కొడతాడు. నాకు చెప్పకుండా ఎందుకు పెట్టావని అడుగుతుంది. నిన్ను పోగొట్టుకోలేనంటాడు. ఆమె ఏడుస్తూ అతని మీద వాలిపోతుంది. మొదటివాడికి జైలు, రెండోవాడికి పెళ్లి.

పెళ్లయ్యాక ఆ యాప్ తీసేశాడా, లేదా? ఆ ఒక్క వాక్యం కోసం ఆఖరి అధ్యాయం మళ్లీ వెతికాను. సముద్రపు ఒడ్డుంది, పుట్టబోయే బిడ్డ ఉంది, కుక్కపిల్ల కూడా ఉంది. యాప్ ఊసు లేదు.

ఆ నవల నాకిచ్చింది మా అక్క కూతురు.

"కథను కథలా చదువు పిన్నీ" అంది.

"అలా చదివే అడుగుతున్నానే. కథలో రావాల్సిన మాట రాలేదు."

"అతను మంచివాడు కదా, ఉంటే ఏమవుతుంది?"

మంచివాడని ఈ పిల్లకు ఎలా తెలిసింది? అట్ట మీద పువ్వులున్నాయి మరి.

ఈ మగవాడి కిటుకంతా ఒక్కచోట ఉంది: అతని మనసులో ఏముందో మనకు చెప్పరు. లండన్‌లో 1908లో మొదలైన మిల్స్ అండ్ బూన్ వారి పాత ప్రేమ నవలలు చాలావరకు అమ్మాయి వైపు నుంచే నడిచేవి. అతను కారు తలుపు దభాలున వేస్తే అది కోపమా, అసూయా, అనురాగమా అని ఆమెతో పాటు మనమూ రెండు పేజీలు తర్జనభర్జన పడేవాళ్లం. ప్రేమ నవల ఆ మూసిన మనసును ఆఖరున ఒక ఒప్పుకోలుతో తెరుస్తుంది. సస్పెన్స్ నవల శవపరీక్ష నివేదికతో తెరుస్తుంది. అంతవరకూ పనితనం ఒకటే. మన దగ్గరికి వస్తే, యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'లోని రాజశేఖరం పేరెత్తితే చాలు, మా అక్క ముఖం ఇప్పటికీ వెలిగిపోతుంది. ఆ ముఖం ఎదుట ఈ సిద్ధాంతం విప్పే ధైర్యం నాకు లేదు.

ఆ యాప్ కథతో తల వేడెక్కి ఉండగా డాఫ్నీ డ్యు మోరియే 'రెబెకా' మళ్లీ తీశాను. 1938 నాటిది. ఇవాళ్టి రొమాంటిక్ సస్పెన్స్ రచయిత్రుల్లో దానికి బాకీ పడనివారు తక్కువ. ఇందులో మన మగవాడు మాక్సిమ్ డి వింటర్. ధనవంతురాలైన ఒకావిడకు జీతానికి తోడుగా వచ్చిన అమ్మాయికి మాంటీ కార్లోలో ఎదురవుతాడు. నవల మొత్తంలో ఆ అమ్మాయి పేరేమిటో మనకు చెప్పరు. పెళ్లి మాట కూడా పిల్లను కసురుకున్నట్టే చెబుతాడు. ఇంకొకరు రాస్తే ఇక్కడే పుస్తకం మూసేదాన్ని. మాండర్లీ భవనంలో మొదటి భార్య రెబెకా జ్ఞాపకాల మధ్య ఆ అమ్మాయి నలిగిపోతుంటుంది. అంతలో మునిగిన పడవ దొరుకుతుంది, అందులో శవం ఉంటుంది. రెబెకాను తానే కాల్చి చంపానని మాక్సిమ్ చెప్పేస్తాడు. అప్పుడు ఆ అమ్మాయి మనసు పట్టుకున్నది హత్యను కాదు, ఇతను రెబెకాను ఎన్నడూ ప్రేమించలేదన్న సంగతిని. మొగుడు హంతకుడని తెలిసిన క్షణంలో ఆమెకు ఊరట!

విడ్డూరమేమిటంటే నాకూ ఊరటే కలిగింది. విచారణలో పడవ కట్టినవాడు వచ్చి, అడుగు చెక్కలకున్న రంధ్రాలు లోపలి నుంచి కొట్టినవని చెబుతాడు. కథ నాకు తెలిసిందే, అయినా ఇతను దొరికిపోతాడేమోనని గుండె దడదడలాడింది. భార్యను చంపినవాడు తప్పించుకోవాలని కోరుకుంటూ కూర్చున్నాను. డ్యు మోరియే నన్ను ఆ స్థితికి తెచ్చింది తెలిసి తెలిసీనే. బదులుగా ఏమిచ్చిందో చూడండి: మాండర్లీ కాలిపోతుంది, ఆ దంపతులు పరాయి దేశపు హోటళ్లలో రోజులు వెళ్లదీస్తారు, ఆమె అతనికి పత్రికలో క్రికెట్ వార్తలు చదివి వినిపిస్తుంటుంది. సముద్రపు ఒడ్డు, బిడ్డ, కుక్కపిల్ల లేవు. ఆ పెళ్లికి ఆమె ఎంత చెల్లించుకుందో నవల దాచలేదు. 1940లో హిచ్‌కాక్ సినిమా తీసినప్పుడు, హత్య చేసినవాడికి శిక్ష పడాలన్న హాలీవుడ్ నియమావళి అడ్డొచ్చి, ఆ చావును ప్రమాదంగా మార్చారు. పువ్వుల అట్ట వేయడం అంటే అదే.

ఈ కాలపు రచనల్లో నేను తెగ మెచ్చుకున్నది కాలీన్ హూవర్ 2016 నవల 'ఇట్ ఎండ్స్ విత్ అస్'. మెచ్చుకున్నది ఎందుకంటే ఆమె నిందితుణ్ని తీసుకొచ్చి పువ్వుల అట్టలో పెట్టింది. నాయిక లిలీ పెట్టేది కూడా పూల దుకాణమే లెండి. రైల్ అనే న్యూరోసర్జన్ బోస్టన్‌లో ఒక మేడ మీదికి వచ్చీ రావడంతోనే కుర్చీని తంతాడు. ప్రేమ నవలలు మరిగినవాళ్లం కదా, పాపం ఏ బాధలో ఉన్నాడో అనుకుంటాం. పెద్ద ఆసుపత్రి, అందం, చమత్కారం చూసి ఆ కుర్చీని మరిచిపోతాం. తర్వాత ఒక రోజు వేడి పాత్ర పట్టుకుని అతను చెయ్యి కాల్చుకుంటాడు. లిలీ నవ్వుతుంది. ఒక్క తోపుతో ఆమెను పడేస్తాడు. అప్పుడు గుర్తొస్తుంది కుర్చీ. తన తల్లి అనుభవమే ఈ కథకు మూలమని రచయిత్రి పుస్తకంలోనే రాసుకుంది. లిలీ ఆఖరికి అతన్ని వదిలేస్తుంది.

కనబడినవారికల్లా చదవమని చెప్పాను. ఇప్పుడు ఆ మెప్పులో కొంచెం తరుగు తీయాలి. లిలీ బయటికి వచ్చేసరికి చిన్ననాటి స్నేహితుడు అట్లాస్ ఉన్నాడు, అతనికి సొంత రెస్టారెంటు ఉంది. లిలీ చేతిలో డబ్బుంది, పక్కన మనుషులున్నారు. నేనెరిగిన ఆడవాళ్లు బయటికి వచ్చినప్పుడు గుమ్మంలో అట్లాస్ లేడు. పుట్టింటివాళ్లు నిలబడి "సర్దుకుపోవాలమ్మా" అన్నారు. ఇది నవల తప్పని అనను. నేను చదివే చోటు వేరు, అంతే.

2022లో వచ్చిన దాని కొనసాగింపు 'ఇట్ స్టార్ట్స్ విత్ అస్' కూడా చదివాను. లిలీ ఒక అధ్యాయం, అట్లాస్ ఒక అధ్యాయం చొప్పున వంతులేసుకుని చెబుతారు. అతని మనసులో ఏముందో ప్రతిదీ మనకు తెలుస్తుంది. మెత్తనివాడు, వంట చేస్తాడు, ఆమె వద్దంటే ఆగుతాడు. ఇన్నేళ్లుగా నేను అడుగుతున్న మగవాడు ఇతనే. సగానికి వచ్చేసరికి ఆవులింతలు మొదలయ్యాయి. దాచేదేమీ లేని మనిషిని మూడొందల పేజీలు మోయడం కష్టమని ఇప్పుడు ఒప్పుకుంటాను, కానీ గుట్టు ఉండాలంటే అది మగవాడి దగ్గరే ఎందుకు ఉండాలి?

యండమూరి వీరేంద్రనాథ్ 'వెన్నెల్లో ఆడపిల్ల'లో గుట్టు అమ్మాయి దగ్గర ఉంటుంది. తానెవరో చెప్పని అమ్మాయి చదరంగం ఆడే రేవంత్‌కు ఫోను చేసి, తన నంబరు కనుక్కోమని సవాలు విసురుతుంది. అతను వెతుకుతాడు. ఆ వెతుకులాట నాకెక్కడా గుచ్చుకోలేదు, ఎందుకంటే ఆట ఆమెది, నియమాలు ఆమెవి. ఇప్పటి ఫోనులో అయితే మొదటి పిలుపుకే నంబరు తెర మీద కనబడి నవల అక్కడే అయిపోయేదనుకోండి.

ఎవరు ఏది చదవాలో చెప్పమంటే నా పరిస్థితి చూసుకుని చెప్పాలి. మా వారి ఉద్యోగం పరాయి ఊళ్లో. వారంలో ఎక్కువ రాత్రులు ఇంట్లో నేనొక్కదాన్నే, గడియ రెండుసార్లు చూసుకునే మనిషిని. ఇంటి నిండా జనమున్నవారికి ఆ తువ్వాలు మడత ఏమీ అనిపించకపోవచ్చు, యాప్ సంగతీ పట్టకపోవచ్చు. అలాంటివారికి ఆ నవల సెలవు రోజు మధ్యాహ్నానికి బాగానే ఉంటుంది. 'రెబెకా' మాత్రం ఎవరికైనా ఇస్తాను. హూవర్ మొదటి నవల కూడా ఇస్తాను, కాకపోతే అలాంటి ఇంటి నుంచి కొత్తగా బయటపడినవారికి ఇచ్చేముందు లోపల ఏముందో చెప్పి ఇస్తాను. రెండోది బస్సు ప్రయాణానికి.

యాప్ నవలకు కొనసాగింపు వచ్చిందట, ఈసారి కథానాయకుడి తమ్ముడి ప్రేమ. అన్నా వదినల కాపురం కూడా మధ్యలో కనబడుతుందని మా అక్క కూతురు చెప్పింది. అది తీసేశాడో లేదో చూడటానికి ఎలాగూ చదువుతాను. నా డబ్బు పెట్టి మాత్రం కొనను, ఆ పిల్ల కొన్నాక అడుగుతాను.